మొదటి లైనులో శ్రీ

గుంటూరు మిర్చి యార్డులో పుట్టి పెరిగినవాళ్ళు తుమ్మరు. తుమ్మేవాడు పరాయివాడని ఎంత పిచ్చివాడికైనా తెలిసిపోతుంది. అలాంటి చోట, 2002 ఏప్రిల్ 17 ఉదయం తొమ్మిది గంటలకు, పొదిలి రైతు వేషంలో ఉన్న ఏజెంట్ శివరామకృష్ణ పదిహేడోసారి తుమ్మాడు. ఆయన మారువేషాల్లో దిట్ట అని డిపార్ట్‌మెంట్‌లో పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో కానీ, యార్డులో మాత్రం అందరూ ఆయన్నే చూస్తున్నారు.

టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద, కూర్చున్న హమాలీ ఒకడు బీడీ పారేసి దగ్గరికి వచ్చాడు.

"సన్నం మిర్చి ఉందా?"

"ఉంది. తొడిమ తీశాం, గింజ తీయలేదు."

కోడ్ సరిపోయింది. హమాలీ తలగుడ్డ విప్పి, అందులోంచి సెల్‌ఫోన్ తీసి చేతిలో పెట్టి, టిక్కీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. ఫోన్‌లో చీఫ్ పేరయ్య గారు.

"విను, టైం లేదు. బ్లూ హెరాన్ ముఠా. విదేశీ వ్యాపారులు. ప్రపంచం గుంటూరు మిర్చి కొనకుండా చెయ్యాలని వాళ్ళ ప్లాన్. ఐదు కోల్డ్ స్టోరేజ్‌ల అమ్మోనియా గ్యాసు వాల్వులు ఇవాళ పన్నెండింటికి తెరుచుకుంటాయి. లోపల పద్నాలుగు వందల మంది కూలీలు."

"జనాన్ని బయటికి పంపిద్దాం సార్."

"గేట్ల దగ్గర వాళ్ళ మనుషులున్నారు. జనం కదిలినా, కరెంటు తీసినా అప్పుడే తెరుస్తారు. వాల్వుల్ని నడిపేది కంప్యూటర్. దాని కోడ్ రాసింది బ్రాడీపేటలో కొండవీడు సిస్టమ్స్ అనే చిన్న కంపెనీ. అందులో ఎవరో ఒక దొంగ ఫైలు పెట్టారు. పట్టుకో. మన మనిషి హారిక అక్కడ ఆడిటర్‌గా ఉంది. ఈ కబురు ముఠా నుంచి తెచ్చింది ఆవిడే."

హారిక అంటే డిపార్ట్‌మెంట్‌లో తెలియనివారు లేరు. శత్రువుల దగ్గర శత్రువులా, మన దగ్గర మనమనిషిలా తిరిగే డబుల్ ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, లిప్‌స్టిక్‌లో కెమెరా. ఆవిడ పేరు వినగానే శివరామకృష్ణ రైతు పంచె మార్చుకుని, ప్యాంటు వేసుకుని, జుట్టు దువ్వుకున్నాడు. పద్నాలుగు వందల ప్రాణాల మధ్య ఈ దువ్వుకోవడం ఏమిటని మీరు అడగవచ్చు. తర్వాత ఆయన కూడా తనను తాను అదే అడుక్కున్నాడు.

బ్రాడీపేట నాలుగో లైనులో మేడ మీద రెండు గదులు. ఆరు కంప్యూటర్లు, ఒక కూజా, ఒక పక్క బ్యాటరీలుండే చిన్న యు.పి.ఎస్. గది. అందరితోపాటు సంగతి విన్న పెద్ద ప్రోగ్రామర్ కోటేష్ గబగబా కుర్చీ చూపించాడు.

"మొత్తం ఎన్ని ఫైళ్ళు?"

"ఎనిమిది వందల నలభై అండి. స్టోరేజ్‌లలో కంప్యూటర్లు నిమిషానికొకసారి వీటిని చదువుకుంటాయి. ఇక్కడ ఏది మారిస్తే అక్కడ అది మారిపోద్ది."

ఎనిమిది వందల నలభై ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చదివితే మళ్ళీ సీజన్‌కి మిర్చి కోతకొస్తుంది. కానీ శివరామకృష్ణ దగ్గర పిస్తోలు కంటే మంచి ఆయుధం ఉంది. ఎడిటర్‌లో స్క్రిప్టు రాయడం ఆయనకు వచ్చు. ఫోల్డర్లన్నీ తిరిగి, ప్రతి ఫైలూ తనే తెరిచి, అడిగిన మాట ఉందో లేదో చూసి, ఉంటే ఆ ఫైలు పేరు ఒక పేజీలో రాసి, మూసి, తరవాత దానికి వెళ్ళే స్క్రిప్టు. పన్నెండు లైన్లు. రాసి, "వాల్వు" అని వెతికించాడు. రెండు వేల మూడొందల చోట్ల ఉంది. "ఏప్రిల్ 17" అని వెతికించాడు. ఒక్కచోటా లేదు. దొంగ తేదీని ముక్కలు చేసి దాచాడన్నమాట.

పదకొండు దాటింది. హారిక వెనకాల నిలబడి మెత్తగా నవ్వింది. "కష్టంగా ఉందా శివా?"

అప్పుడే ఆయన కన్ను ఒకచోట ఆగింది. పైపైన తెరిచి చూసిన నాలుగైదు ఫైళ్ళలోనూ మొదటి లైనులో ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీ' అని రాసి ఉంది.

"ఇదేంటి కోటేష్?"

"అలవాటండి. పరీక్ష పేపరు మీద రాసినట్టే. శ్రీ రాయకుండా చెయ్యి కదలదు."

వేటపాలెంలో జీడిపప్పు కొట్టే ఇంట్లో పెరిగిన శివరామకృష్ణకు వాళ్ళ నాయనమ్మ పిచ్చమ్మ గుర్తొచ్చింది. పలక మీద శ్రీ లేకపోతే వీపు మీద దెబ్బ. ఆయన మొహం వెలిగిపోయింది. "మా వేటపాలెంలోనూ ఇంతే," అన్నాడు. విదేశీ ముఠావాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? ఉన్నదాన్ని కాదు, లేనిదాన్ని వెతకాలి. స్క్రిప్టులో ఒక్క షరతు తిప్పాడు. మొదటి లైనులో శ్రీ లేని ఫైళ్ళ పేర్లు రాయి.

ముప్ఫై ఎనిమిది పేర్లు వచ్చాయి. అన్నీ 'చలువ' అనే ఒకే ఫోల్డర్‌లో. అన్నిటి మొదటి లైనులోనూ 786 అన్న అంకె.

"చలువ ఎవరిది?"

కోటేష్ మూల సీటు కేసి చూశాడు. "నజ్మీన్‌ది సార్. కానీ ఆ అమ్మాయి..."

"నువ్వు కిందికెళ్ళి ఫోన్ దగ్గర కూర్చో."

కోటేష్ వెళ్ళాడు. ఆ అంకె ఏమిటో అతనికి తెలుసు. ఆరేళ్ళుగా పక్క సీటు. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంచుకుని మెట్లు దిగాడు.

హారిక ఆ జాబితా చూసి ఒక్క క్షణం కనుబొమలు ఎగరేసింది. తర్వాత చెవిలో అంది. "నేను ముందే అనుమానించాను."

మూల సీటులో కూర్చున్న నజ్మీన్ లేచి నిలబడింది. పాతికేళ్ళుంటాయి. శివరామకృష్ణ ఆమె బ్యాగు లాక్కుని, అందరిముందూ నేలమీద బోర్లించాడు. టిఫిన్ బాక్సు, బస్సు పాసు, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు. మూత ఊడి పులిహోర నేలపాలైంది.

"ఎవరి కోసం పనిచేస్తున్నావు?"

"కంపెనీ కోసం సార్."

"ఈ అంకె కోడ్ వర్డేనా?"

"కోడ్ కాదు సార్. కోటేష్ గారు శ్రీ రాస్తారు, నేను అది రాస్తాను. మా అమ్మ రెండో నంబరు స్టోరేజ్‌లో తొడిమలు తీస్తోంది. కరీమున్ అని అడగండి, ఎవరైనా చెప్తారు. నేను వాల్వులు తెరుస్తానా?"

"కథలు చెప్పకు."

ఈ మాట ఆయనే అన్నాడు. ఆ చేత్తోనే ఆమెను యు.పి.ఎస్. గదిలోకి నెట్టి గడియ పెట్టాడు. అక్కడున్న మిగతా నలుగురూ కంప్యూటర్ల వైపు తలలు తిప్పుకున్నారు. 786 అంటే బిస్మిల్లా అని తెలియని గుంటూరువాడు ఉంటాడా? లారీల మీద చూడలేదా, పెళ్ళి కార్డుల మీద చూడలేదా? వేటపాలెంలో వాళ్ళ ఇంటికి జీడిగింజలు తెచ్చే గౌస్ బాషా గారి బండి మీద పెద్ద అక్షరాలతో ఉండేది. ఆయన భుజాలెక్కి సంతకెళ్ళినవాడు ఈ శివరామకృష్ణ. అన్నీ తెలిసినవాడికి అవసరమైనప్పుడు ఏదీ గుర్తురాలేదు.

పదకొండు నలభై ఆరు.

"ముప్ఫై ఎనిమిదీ తీసెయ్ శివా, పీడ వదులుతుంది," అంది హారిక. అని పర్సు భుజాన వేసుకుంది. "నేను కింద కారులో ఉంటాను. ఈ గదిలో ఉక్కగా ఉంది."

ఆయన ముప్ఫై ఎనిమిదింటినీ ఎంచుకున్నాడు. వేలు మీట మీదికి వెళ్ళింది. యు.పి.ఎస్. గది తలుపు దబదబలాడింది.

"సార్, తీసేయకండి. వాల్వుల్ని బిగించి పట్టుకునేవి నా ఫైళ్ళే. అవి పోతే పన్నెండు దాకా కూడా ఆగదు."

వేలు ఆగింది. హారిక చెప్పులు మెట్ల మీద టకటకమంటూ దిగుతున్నాయి. మరీ తొందరగా దిగుతున్నాయి.

"సార్, ఒక్కటి చూడండి. నా ఫోల్డర్‌లో శ్రీ ఉన్న ఫైలు ఏదన్నా ఉందా?"

శివరామకృష్ణ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. శ్రీ ఉన్న ఫైళ్ళన్నీ మనవేనని ఆయన చూడకుండా వదిలేశాడు. షరతు మళ్ళీ తిప్పాడు. చలువ ఫోల్డర్‌లో, మొదటి లైనులో శ్రీ ఉన్నవి.

ఒకటి. ముప్ఫై తొమ్మిదో ఫైలు. మొదటి లైనులో చక్కగా శ్రీ. దాని కింద పదిహేడు ఒకచోట, నాలుగు ఒకచోట, పన్నెండు ఒకచోట. పెట్టినవాళ్ళు కోటేష్ ఫైళ్ళు నాలుగు చూసి, ఈ ఊళ్ళో అందరూ ఇదే రాస్తారనుకున్నారు. ఆ ఫోల్డర్ ఎవరిదో చూడలేదు.

ఆ ఫైలు తీసేయబోతే కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. నజ్మీన్‌ది. పదకొండు యాభై ఏడు.

ఆయన గడియ తీశాడు. గుమ్మంలో ఆమె కళ్ళలోకి చూడలేక ఆమె చెప్పులకేసి చూస్తూ, "పాస్‌వర్డ్ మీరే కొట్టండి," అన్నాడు. ఇందాకటి 'నువ్వు' ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. ఆమె పులిహోర తొక్కకుండా దాటి వచ్చి, కూర్చుని, కొట్టింది. ఫైలు పోయింది. స్టోరేజ్‌లు మళ్ళీ చదువుకోవడానికి నిమిషం పడుతుంది. తెరమీద ఐదు ఎర్ర చుక్కలు. పదకొండు యాభై తొమ్మిది. ఒకటి పచ్చబడింది, మూడు, నాలుగు, ఐదు. రెండో నంబరు ఎర్రగానే ఉంది. నజ్మీన్ "అమ్మీ" అని గొణుక్కుంది. పన్నెండుకు రెండు సెకన్లుండగా అది కూడా పచ్చబడింది.

అప్పటికి శివరామకృష్ణ చీఫ్‌కి కబురిచ్చి ఉన్నాడు. హారిక కారు పెదకాకాని రైల్వే గేటు దగ్గర ఆగింది. గేటు పడి ఉంది మరి. లిప్‌స్టిక్‌తో సహా దొరికింది. మనచేతే ఆ ఫైళ్ళు తీయించి నేరం మన మీదికి నెట్టాలనే ఆ కబురు తెచ్చిందట. స్టోరేజ్ గేట్ల దగ్గర టీ అమ్ముతున్న ఐదుగురు కొత్తవాళ్ళనూ పట్టుకున్నారు.

కోటేష్ పైకి వచ్చాడు. నేలమీద మెతుకులు చూసి, చీపురు తెచ్చాడు. శివరామకృష్ణ మోకాళ్ళ మీద కూర్చుని పిన్నీసులు ఏరాడు. ఏడుండాలో ఎనిమిదుండాలో తెలియదు. బల్లల కింద కూడా వెతికాడు. దీనికి స్క్రిప్టు లేదు. చెవులదాకా సిగ్గు పాకింది. పోయిన పదేళ్ళలో ఆయన తుపాకీ గుళ్ళకు ఎదురెళ్ళాడు కానీ ఇంత కష్టం ఎప్పుడూ పడలేదు.

"తప్పు చేశానమ్మా," అన్నాడు.

నజ్మీన్ బస్సు పాసు తుడుచుకుంది. "హారిక గారు పై ఊరి మనిషి సార్, ఇక్కడ అందరూ శ్రీయే రాస్తారని తెలియక అనుకుంది. మీరు వేటపాలెం వాళ్ళంట గదా."

తర్వాత కోటేష్ కేసి చాలాసేపు చూసింది. కోటేష్ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు. ఆమె బ్యాగు తగిలించుకుని, "అమ్మను చూసొస్తా," అని మెట్లు దిగిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశారు. "అద్భుతం శివరామకృష్ణా. మెడల్‌కి రాస్తున్నాను. రిపోర్టు పంపు. ఎవరెవరిది తప్పో క్లుప్తంగా రాయి."

శివరామకృష్ణ ఎడిటర్ తెరిచాడు. చెయ్యి తనంతట తనే మొదటి లైనులో శ్రీ రాసింది. దాన్ని చూస్తూ టీ చల్లారేదాకా కూర్చున్నాడు. తర్వాత దాని కింద రాశాడు.

"ఈ కేసులో తప్పు చేసినవాళ్ళు ఇద్దరు. ఒకరు పెదకాకాని గేటు దగ్గర దొరికారు. రెండోవారు ఈ రిపోర్టు రాస్తున్నారు."