కొసరు నీళ్ళు

"కిందివాళ్ళ కోరిక సెకనుకు ఇరవై ఘనమీటర్లు. పైవాళ్ళ లెక్కలో ఏడువందల ఇరవై ఘనపుటడుగులు," అని, గొంతుని పైగేటుదాకా మోసే మాటకొమ్ములోకి చెప్పి, సువార్త బుగ్గనున్న శొంఠిముక్కను రెండో బుగ్గకి తోసుకుంది. కొలత మార్చి మారకం చెప్పేటప్పుడు గొంతు జీరపోతే మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి, అదో తద్దినం. అందుకే పొద్దున్నే మారకందార్లందరి బుగ్గల్లోనూ శొంఠి ఉంటుంది.

ఇక పైగేటు దగ్గరున్న బాషా ఆ అంకెను తిరిగి పలకాలి. అతను పలికి చక్రం తిప్పితే గేటు కదులుతుంది, నిండుగొట్టంలో నీళ్ళు కిందికి తోసుకొస్తాయి. రోజూ జరిగేదే. కానీ బాషా నోరు తెరిచేలోపు మధ్యలో ఇంకో గొంతు దూరింది.

"ఏడువందల ఆరు," అంది సరిచూపు. "మీ అంకెలో పధ్నాలుగు ఎక్కువ ఉంది. సరిచేసి చెప్పండి."

మారకాల్లో తప్పులు పట్టే ఆ యంత్రాన్ని నిన్ననే బిగించి వెళ్ళారు. గోడకు అతికించిన అరచెయ్యంత పలక, చూడ్డానికి అరిగిన సబ్బుబిళ్ళలా ఉంది. సువార్త దాన్ని ఎగాదిగా చూసి, కొత్తది కదా, ఇంకా కుదురుకోలేదేమోలే అనుకుని, మళ్ళీ ఏడువందల ఇరవై అంది. అదీ మళ్ళీ ఏడువందల ఆరే అంది. దాని గొంతులో కోపం లేదు, విసుగూ లేదు. ఆ లేకపోవడమే ఆమె ఒళ్ళు మండించింది. మూడోసారికి, ఈ వరసమీదున్న మిగతా మారకపు మెట్టలవాళ్ళందరూ తమ కొమ్ముల్లో వింటున్నారని గుర్తొచ్చి, పళ్ళు నూరుకుంటూ ఏడువందల ఆరు అని చెప్పింది.

అవతల బాషా ఇన్నేళ్ళలో ఆమె నోట అలాంటి అంకె విని ఎరగడు. నెమ్మదిగా, నమ్మలేనట్టుగా, అదే అంకె తిరిగి పలికాడు. పైన గేటు కొంచెం దిగింది.

అసలు ఈ అంకెలు మనిషి నోటిగుండా పోవడం నోటి చట్టం వచ్చాకే మొదలైంది. అంతకుముందు కింది యంత్రమూ పై యంత్రమూ నేరుగా మాట్లాడుకునేవి. ఒకసారి కింది యంత్రం అడుగుల్లోకి మార్చి పంపిన అంకెను, పై యంత్రం ఇంకా మార్చలేదనుకుని మళ్ళీ మార్చింది. అడిగినదానికి ముప్పై అయిదింతలు నీళ్ళు ఊళ్ళమీద పడ్డాయి. ఆ రోజు కొట్టుకుపోయినవాళ్ళ పేర్లు సువార్త కూర్చునే గది గోడమీదే చెక్కి ఉన్నాయి. పోనీ ఇద్దరూ ఒకే కొలతకి వచ్చేస్తే గొడవే లేదు కదా అంటే, ఎవరూ మెట్టు దిగలేదు. పైవాళ్ళ గేట్ల రాళ్ళమీద ఉన్నవి అడుగులు, వాళ్ళ ఒడంబడిక రాసుకున్నదీ అడుగుల్లోనే. కిందివాళ్ళు, సముద్రం లంకల్ని మింగగలిగినంత మింగేశాక, కట్టుకున్న తీపికట్ట మొత్తం మీటర్లలో ఉంది. కాబట్టి రెండు కొలతల మధ్య ఒక మెట్ట, ఆ మెట్టలో ఒక మనిషి, ఆ మనిషికి పైకొకటి, కిందికొకటి మాటకొమ్ములు.

ఘనమీటరుకి ముప్పై అయిదు అడుగుల పైన చిల్లర వస్తుంది. మారకందార్లెవరూ ఆ చిల్లర జోలికి పోరు, ముప్పై ఆరు వేస్తారు. సువార్తకి పని నేర్పిన వరాలమ్మగారు మొదటిరోజే ఆ సంగతి చెప్పేసింది. సంతలో చింతపండు కొన్నా తూచినదానిమీద పిడికెడు కొసరు వేయించుకోకుండా ఇంటికి వస్తామా, నీళ్ళకి మాత్రం ఎందుకు సిగ్గుపడాలి అనేది ఆవిడ వాదన. వరాలమ్మగారికి ముందున్నవాళ్ళూ అంతే, ఆవిడ తర్వాతివాళ్ళూ అంతే. ఎవరూ దాచలేదు, ఎవరూ చాటలేదు. అలా చెలామణీ అయిపోయింది.

ఆ పూటంతా సువార్తకు కాలు నిలవలేదు. కుర్చీలో కూర్చుంటుంది, లేస్తుంది, కిటికీ దగ్గరికి వెళ్ళి నిండుగొట్టం మీద చెయ్యి పెట్టి చూస్తుంది. గొట్టం లోపల పారుతున్న నీళ్ళ ఒరవడి చేతికి తెలుస్తుంది. ఇవాళ ఏదో తేడాగా ఉన్నట్టు తోచింది. పధ్నాలుగు అడుగుల తేడా చేతికి తెలుస్తుందా, నా పిచ్చిగానీ అని తనని తానే తిట్టుకుంది. అన్నం పెట్టుకుని రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టేసింది.

ఎండ తిరిగే వేళకి కింది కొమ్ము మోగింది. ఇస్సాకు. సువార్తకి స్వయానా తమ్ముడు, ముంతలంకలో చివరి బావికి కావలి. తీపికట్ట అంటే కంటికి కనపడే గోడ కాదు. లంకల అంచున నేలలోకి ఎక్కించే మంచినీళ్ళ పోటే తీపికట్ట. ఆ పోటు తగ్గితే అవతలున్న ఉప్పు గీత దాటి లోపలికి వస్తుంది. అది వచ్చిందీ లేనిదీ ముందుగా తెలిసేది చివరి బావిలోనే. అక్కడ కిందికి వచ్చే నీళ్ళని కొలిచే మీటరుంది, కానీ తేడా వస్తే ఇస్సాకు నాలుక దానికంటే ముందు చెబుతుంది.

"అక్కా, నీళ్ళు నాలిక్కి తగుల్తున్నాయే," అన్నాడు ఇస్సాకు. "పొద్దున్న ఇలాగ లేవు."

మీటరు చూడరా అని అరిచింది సువార్త. మీటరు ఇరవై చూపిస్తోందనీ, దానికి ఏ రోగమూ లేదనీ, నిన్ననే కొత్త యంత్రంతో పాటు దాన్నీ సరిచేసి వెళ్ళారనీ చెప్పాడు. వాడికి ఏం గుర్తొస్తోందో ఆమెకి తెలుసు. వాళ్ళిద్దరూ పుట్టిన లంక ముంతలంక కాదు. అది ఇంకా కిందుండేది. అక్కడా ఓ రోజు నీళ్ళు నాలుకకి తగిలాయి. పెద్దవాళ్ళు రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అన్నారు. మొదటిరోజే వెనక్కి తోసెయ్యకుండా ఉప్పుని ఒకసారి నేలలో దిగనిస్తే మనిషి బతికుండగా మళ్ళీ బయటికి పోదు. వరి ఎర్రబారింది, కొబ్బరి మొవ్వు కుళ్ళింది, గొడ్లు కుడితి ముట్టలేదు. నాన్న సామాను పడవకెత్తుతుంటే ఇస్సాకు, పెరట్లో తను పెట్టిన జామమొక్కని పెకలించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇవాళ ముంతలంకలో వాడి గుమ్మం ముందున్నది ఆ చెట్టే.

"ఇంకోసారి మోయలేనక్కా," అన్నాడు ఇస్సాకు.

సువార్త సరిచూపు వైపు తిరిగింది. బావిలో ఉప్పు తగులుతోంది, ఇరవై చాలదు, ఎక్కువ అడగాలి అని చెప్పింది. కోరిక పెంచే అధికారం మారకందారుకి లేదని అది బదులిచ్చింది. పైగా ఇరవై చాలు. ముప్పై ఏళ్ళుగా ప్రతిరోజూ ఇరవై దగ్గరే తీపికట్ట నిలబడింది. ఒక్కరోజు కూడా గీత దాటలేదు. ఇంతకన్నా గట్టి రుజువు ఏం కావాలి అన్నట్టుగా ఉంది దాని మాట.

నిజమే, ముప్పై ఏళ్ళుగా నిలబడింది. కానీ ముప్పై ఏళ్ళుగా కిందికి వచ్చింది ఇరవై కాదు. ఇరవై మీద కొసరు. వరాలమ్మగారి కొసరు, ఆవిడ ముందువాళ్ళ కొసరు, తన కొసరు. ఆ నీళ్ళతోనే తీపికట్ట నిలిచింది, ఆ నీళ్ళనే ఇరవై అని అందరూ అనుకున్నారు, మీటర్లని కూడా ఏటా నోటి అంకెకే సరిపెట్టుకుంటూ వచ్చారు. ఈ సబ్బుబిళ్ళ వచ్చి కొసరు తీసేసి, అసలు మిగిలిందిగా, అదే చాలు అంటోంది. దాని లెక్కలో తప్పు లేదు. తప్పల్లా దానికి నేర్పిన ఇరవైలో ఉంది.

తీపికట్ట ఇంజనీరు ప్రణీతకి ఫోన్ చేసింది. ఆ పిల్ల చురుకైంది, సువార్త సగం చెప్పేసరికే మిగతా సగం అందుకుంది. కట్టకి కావలసింది ఇరవై కాదు, ఇరవైపైన సుమారు అర అని అప్పటికప్పుడు తేల్చేసింది కూడా. కానీ కోరిక అంకె మార్చాలంటే పైవాళ్ళూ కిందివాళ్ళూ సభలో కూర్చుని ఒప్పుకోవాలి. వాళ్ళు కూర్చునేది పంటకాలం అయ్యాక. ఇవాళే అర్జీ పెడతాను, కాళ్ళావేళ్ళా పడతాను, కానీ ఈలోపు అంకె నా చేతిలో లేదండీ అంది ప్రణీత. సువార్త ఆమెని ఒక్కమాట కూడా అనలేకపోయింది.

పంటకాలం అయ్యేదాకా ఉప్పు ఆగుతుందా?

గదిలో కాలుగాలిన పిల్లిలా నాలుగు పక్కలా తిరిగి, చివరికి పైకొమ్ము అందుకుంది. సరిచూపు వింటుందని తెలుసు, వరసమీదున్న మెట్టలన్నీ వింటాయనీ తెలుసు. ఇవాళ్టికి సిగ్గు పక్కనపెట్టింది. బాషాకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇన్నాళ్ళూ మేము ముప్పై ఆరు వేసుకున్నాం, మీ నీళ్ళే, మిమ్మల్ని అడక్కుండా అంకెలో కలిపేసుకున్నాం అంది.

బాషా నవ్వాడు. పొడి నవ్వు. "మాకు తెలీదనుకుంటివా సువార్తమ్మా? మా నాయన కాలం నుంచీ తెల్సు. కొసరు ఎవరేస్తారు? అమ్మేటోడేస్తాడు. కొనేటోడు అడగల్ల. మీరేమో అడగకనే మా తక్కెడలో చెయ్యి పెడ్తిరి."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. అప్పుడు బాషా తన సంగతి చెప్పాడు. ఈ ఏడు పైచెరువులో నీళ్ళు అట్టడుక్కి చేరాయి. బురద పక్కన బిందెలు వరసలో ఉన్నాయి. పొద్దున ఏడువందల ఆరు అని వినగానే, అల్లా మామీద ఇన్నాళ్ళకి దయ తలిచాడని అతని భార్య సంతోషపడిందట. మిగిలే పధ్నాలుగూ వాళ్ళ ఊరు తాగే నీళ్ళే మరి.

ఇటు తమ్ముడి లంక, అటు వాళ్ళ బిందెలు. చెప్పవలసింది ఒక అంకె. ఏ అంకె చెప్పినా ఎవరి నోటో మట్టి కొట్టినట్టే. ఏడువందల ఆరంటే ఇస్సాకు, ఏడువందల ఇరవై అంటే బాషా. గోడమీద చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఆమెనే చూస్తున్నట్టనిపించి చూపు తిప్పుకుంది.

"సాయంత్రపు మారకం చెప్పండి," అంది సరిచూపు.

సువార్త శొంఠిముక్క తీసి కిటికీలోంచి ఉమ్మేసింది. ఎడంచేత్తో కింది కొమ్మూ కుడిచేత్తో పై కొమ్మూ పట్టుకుని, రెండింటినీ ఒకదానికొకటి ఎదురుగా తెచ్చింది. మారకందారు ఎన్నడూ చెయ్యకూడని పని అది. ఒరే ఇస్సాకూ, బావిలో చేద వేసి ఉంచు అంది. బాషా భాయ్, చక్రం మీద చెయ్యి వెయ్యి అంది.

"నేను అంకె చెప్పను బాషా భాయ్. అడుగుతున్నాను. మా తమ్ముడి నాలుకమీద నీళ్ళు తియ్యనయ్యేదాకా తెరువు. అక్కడితో ఆపెయ్యి."

బాషా గట్టి గొంతుతో పలికాడు. "తియ్యనయ్యేదాకా. అంతే. ఆమీద ఒక్క చుక్క అడిగినా చెయ్యి తీసేస్తా."

నోటి చట్టం ప్రకారం ఒక నోరు చెప్పాలి, ఇంకో నోరు తిరిగి పలకాలి. రెండూ జరిగాయి. చెప్పేది అంకే అయి ఉండాలని ఆ చట్టం రాసినవాళ్ళకి తోచలేదు. చక్రం కిర్రుమన్న చప్పుడు పైకొమ్ములోంచి వచ్చింది.

"ప్రమాణం చెప్పండి," అంది సరిచూపు.

"తీపి," అంది సువార్త.

"ఆ ప్రమాణం నమోదులో లేదు. ఎంత తీపి?"

కింది కొమ్ములోంచి చేద దిగిన చప్పుడు, నీళ్ళు పుక్కిలించి ఉమ్మిన చప్పుడు. "ఇంకా," అన్నాడు ఇస్సాకు. చక్రం తిరిగింది. చేద మళ్ళీ దిగింది. "ఇంకా," అన్నాడు. ఎండ వాలి గది గోడమీదికి ఎక్కింది. సువార్త చేతులు లాగేస్తున్నా కొమ్ములు దించలేదు. ఇప్పుడు ఆమెకి కొత్త భయం పట్టుకుంది. వీడు చిన్నప్పుడు కొట్టువాడు బెల్లం ముక్క కొసరు పెడితే, అది నోట్లో వేసుకుని ఇంకోటి అని మళ్ళీ చెయ్యి చాపేవాడు. ఒక లంక పోగొట్టుకున్నవాడు. వాడు ఇంకా ఇంకా అంటూ పోతే పైన బిందెలు ఎండిపోతాయి, వాడి నాలుక లోపల ఏముందో చూసేవాడెవడు? నిజంగానేనా అని అడగబోయి, నోరు మూసుకుంది. అడగకుండా వదిలిపెట్టడం ఆమెకి ఆ రోజు అన్నిటికన్నా కష్టమైన పనైంది.

చేద దిగింది. ఈసారి ఉమ్మిన చప్పుడు రాలేదు. మింగాడు.

"చాలక్కా," అన్నాడు ఇస్సాకు. "ఆపమను."

పైన చక్రం ఆగింది. గేటు ఎక్కడ ఆగిందో చెప్పమని సరిచూపు అడిగింది. రాతిమీద గీతలు ఉన్నాయి కదా, చదివి చెప్పమంది. బాషా తువ్వాలు తీసి గీతలమీద కప్పేశానన్నాడు. ఇంటికి పోతూ, రేపు కూడా ఇట్లనే అడుగు సువార్తమ్మా అన్నాడు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

అంకె చెప్పండి, అంకె చెప్పండి అని పలక అంటూనే ఉంది. అంతలో వరసమీద ఎవరో గొంతు సవరించుకున్నారు. పక్క మెట్ట మారకందారు సింహాద్రి. చేరినప్పటినుంచీ అంకె తప్ప ఇంకో మాట ఆ కొమ్ములో పలికిన మనిషి కాదు. ఇప్పుడు పలుకుతున్నది తన కింది బావి కావలివాడితో.

"ఒరే అప్పన్నా, నీళ్ళు ఓపాలి నోట్లో ఎట్టుకుని సెప్పరా, ఎలగున్నాయో."