గీత మీద పడని చుక్కలు

“నీకు చేతిలో సత్తువ లేదా, బుర్రలో బుద్ధి లేదా?” అంటూ గ్రాఫ్ పేపర్ తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది అతని ల్యాబ్ పార్ట్‌నర్.

అతను హ్యాండిల్ వదిలి చూశాడు. అయస్కాంతాల మధ్య తీగచుట్టను ఎంత వేగంగా తిప్పితే అంత వోల్టేజీ పుట్టాలి. వేగం రెట్టింపైతే వోల్టేజీ కూడా రెట్టింపు కావాలి. చుక్కలన్నీ కలిపితే తిన్నని గీత రావాలి. వీళ్ల చుక్కలు మాత్రం తలో దారి పట్టాయి.

“నేను సమానంగానే తిప్పాను.”

“అంటే ఫిజిక్స్ తప్పంటావా?”

“నువ్వు రైటయితే ఫిజిక్సే తప్పయి ఉండాలి మరి!”

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆ నవ్వు కోసం అతను పొద్దు గూకేదాకా తిప్పమన్నా తిప్పుతాడు. కానీ ఇవాళ గీత తిన్నగా రాకపోతే జంటలు మార్చేస్తానని ల్యాబ్ మేడమ్ పొద్దున్నే తేల్చి చెప్పింది. జంట మారితే ఆమెతో మాట్లాడడానికి అతనికి ఇంకో వంక లేదు. ఆ మేడమ్ స్వయానా ఆమె పిన్ని. అయినా సరే, బతిమాలితే కరిగే రకం కాదు.

అనుకుంటుండగానే ఆవిడ వచ్చింది. వేగం చూపించే మీటరును ఇరుసుకి ఆనించి, “ఏదీ, తిప్పు,” అంది.

అతను పళ్లు బిగించి తిప్పాడు. మీటరులో అంకె అటూ ఇటూ కదిలితే ఒట్టు.

“వేగం లక్షణంగా ఉందే! మరి వోల్టేజీ ఎందుకు కుప్పిగంతులేస్తోంది?”

తప్పు తన చేతిది కాకపోతే ఇక ఆమెదే. “ఇందాక నేనే అడ్డదిడ్డంగా తిప్పాను మేడమ్,” అన్నాడు గబగబా.

“అబద్ధం పిన్నీ!”

“కాలేజీలో మేడమ్ అనాలి.”

“తప్పు నాది మేడమ్. తను తిప్పుతున్నప్పుడు వోల్ట్‌మీటర్ ముల్లు చూడలేదు. తననే చూస్తూ ఉండిపోయాను. తను ఆపేస్తుంటే గుర్తొచ్చి, అప్పుడు ముల్లు ఎక్కడుంటే అది రాసేశాను.”

మేడమ్ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. ఆవిడ ముఖంలో కోపం నిలవలేదు.

“మీ ఇద్దరి సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాలే. ముందు నాకు గీత కావాలి. ఈసారి నువ్వు తిప్పు, అతను చూస్తాడు. చుక్క పక్కకి పోయిందో, అక్క కూతురివని కూడా చూడను. జంట మార్చేస్తాను.”

ఆవిడ అటు వెళ్లగానే ఇద్దరూ చోట్లు మారారు. ఆమె మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోయింది. అతను ముల్లు మీంచి చూపు మరల్చలేదు. చుక్క వెనక చుక్క బుద్ధిగా గీత మీదే పడింది.

“ఇంతసేపట్లో ఒక్కసారైనా నావైపు చూడలేదేం?” అంది ఆమె ఉక్రోషంగా.

“చూస్తే నిన్ను తీసుకెళ్లి ఇంకొకరి పక్కన నిలబెడతారు.”

“ఈ ఒక్క ఏడాదికేగా!”

“ఏడాది ఎవడికి కావాలి? నాకు నువ్వు జీవితాంతం కావాలి.”

హ్యాండిల్ ఒక్కసారిగా గిర్రున తిరిగింది. ముల్లు ఎగిరి మీటరు చివరి గీతకి కొట్టుకుంది.

“ఆ రీడింగ్ రాయకు,” అంది ఆమె, తల ఎత్తకుండా.