ఎడమ బల్ల మీది మొక్కలు

డిటెక్టివ్ వెర్నా స్ట్రౌడ్ ముక్కు పెట్టిందంటే పక్క ఊరి కాఫీలో పంచదార ఎంత పడిందో చెప్పేస్తుందని ఆమె సహాయకుడు క్లైడ్, ఆరెగాన్ రాష్ట్రమంతా చాటేవాడు. అందులో సగం కోసేసినా మిగతా సగం నిజమే.

ఆ ఉదయం, మొక్కల నర్సరీ నడిపే ఆర్డిస్ టోలివర్ వచ్చి వెర్నా ఎదుటి కుర్చీలో కూలబడింది. చేతులకింకా మట్టి ఉంది.

"నా మొక్కల్ని ఎవరో చంపేశారండీ! మధ్యాహ్నం అటవీ అధికారి వాటిని పరీక్షించడానికి వస్తాడు."

బ్రేకర్ క్రీక్ ఊరి మీది కొండ వేసవిలో తగలబడింది. వానలు దిగేలోగా అక్కడ ఫిర్ అనే కొండచెట్ల మొక్కలు వేళ్ళూనకపోతే కొండే ఊరి మీదికి జారుతుంది. అందుకే ఆర్డిస్ వేళ్ళు త్వరగా పెరిగే మందు తయారుచేసింది. విత్తనం వేసిన రోజునే సగం ట్రేలకు మందు, సగానికి వట్టి నీళ్ళు పోసింది.

"పరీక్ష పోతే నర్సరీ మూసి, స్థలం ఇళ్ళకి అమ్మేద్దామని అన్నయ్యకి మాటిచ్చాను. వారమంతా కొండ మీదే ఉన్నా. పొద్దున వచ్చి చూస్తే నీలం చీటీలవన్నీ మాడిపోయాయి. నీలమంటే మందు, పసుపంటే వట్టి నీళ్ళు."

వెర్నా, క్లైడ్ వెళ్ళేసరికి నర్సరీ గాజుటింట్లో ఎడమ బల్ల మీది మొక్కలన్నీ గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. కుడి బల్ల మీద పసుపు చీటీలతో మొక్కలు పచ్చగా నిలబడ్డాయి. ముసలి తోటమాలి ఆర్విల్ టోపీ నలుపుతూ గుమ్మంలో నిలుచున్నాడు. ఆర్డిస్ వాళ్ళన్నయ్య వెండెల్ జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు.

"ముసలాయనకి కొత్త మందులు గిట్టవు. తాళంచెవి కూడా ఉంది" అన్నాడు వెండెల్.

"నీ దగ్గర లేదా బాబూ?" అన్నాడు ఆర్విల్. "చీటీల రంగులు నేను చూడను. మొయ్యమంటే మోస్తా."

వెర్నా బయట వెండెల్ ట్రక్కులో కనిపిస్తున్న దుప్పి కొమ్ములకేసి చూసింది. "వేట బాగా సాగినట్టుందే!"

వెండెల్ ముఖం వెలిగింది. "పెద్ద కొమ్ముల దుప్పండీ! సోమవారం చీకటి పడ్డాకే ఇల్లు చేరా. తోలుకి ఉప్పు పట్టించి చుట్టేశా."

వెర్నా ఎండిన ట్రే అంచున తెల్లటి పొర గీకి నాలుకకు రాసుకుంది. క్లైడ్ చేతులు చాచాడు, ఆమె విషం తిని పడిపోతే పట్టుకోవాలని. ఆమె పడలేదు. "ఉప్పు" అంది. ఎడమ నుంచి ఒక మొక్క, కుడి నుంచి ఒక మొక్క పీకి అందరినీ పిలిచింది.

"ఇది చచ్చిన మొక్క. వేళ్ళు నాలుగు పోగులు, మట్టంతా రాలిపోయింది. ఇది బతికింది. చూడు ఆర్డిస్, వేళ్ళు మట్టిని ముద్దగా ఎలా పట్టుకున్నాయో. ఉప్పు మూడు రోజుల్లో చంపగలదు గానీ వేళ్ళు పెంచలేదు. చచ్చినవి వట్టి నీళ్ళవి. నీ మందు గెలిచింది."

"కాదు!" వెండెల్ అరిచాడు. "ఎడమ బల్లవే మందువి! చీటీలే ఎవడో తప్పుగా పెట్టాడు, నేనే సరిచేసి..."

మాట అక్కడే తెగిపోయింది.

ఆర్విల్ మెల్లగా అన్నాడు, "సోమవారం పగలు ట్రేల బల్లలు మార్చాను బాబూ. ఎండ అన్నిటికీ సమానంగా తగలాలని ఎడమవి కుడికీ, కుడివి ఎడమకీ. ఎప్పుడూ చేసేదే."

"తమరప్పుడు దుప్పి వెంట ఉన్నారు" అంది వెర్నా వెండెల్‌తో. తర్వాత ఆర్డిస్ వైపు తిరిగింది. "ఈయన మందు మొక్కల్ని మొదటిరోజు చూసిన చోటే గుర్తుపెట్టుకుని, తోలుకి తెచ్చిన ఉప్పు నీళ్ళలో కలిపి అక్కడ పోశాడు. మాడినవాటికి పసుపు చీటీలుండటం చూసి, తప్పు చీటీలదనుకుని మార్చాడు. ట్రే మోసిన ఏ మనిషీ ఈ తప్పు చెయ్యడు."

ఆర్డిస్ అన్న ముందుకొచ్చి నిలబడింది. "ఊరు కొట్టుకుపోయినా ఫర్వాలేదా అన్నయ్యా?"

వెండెల్ జేబులోంచి గాజుటింటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

మధ్యాహ్నం అధికారి కుడి బల్ల నుంచి ఒక మొక్క పీకి, మట్టిముద్దను గట్టిగా దులిపాడు. రేణువు రాలలేదు. "వీటిని కొండ మీదికి ఎప్పుడు ఎక్కిద్దాం?" అన్నాడు.

"ఇప్పుడే" అంది ఆర్డిస్. తర్వాత అన్న చేతుల్లో ఒక ట్రే పెట్టింది. "కొండదాకా నువ్వే మొయ్యి. పోలీసులు అక్కడికే వస్తారు."