బలానికని ఇచ్చిన బిళ్లలు

పొద్దున్నే మురళీకృష్ణ ముఖం కడుక్కుంటుంటే చేతి వెనక మరో పొక్కు చిట్లింది. తువ్వాలుతో అదిమి పట్టాడు. సుభద్ర చూడనే చూసింది.

"మళ్లీనా?"

"మామిడి సొన కాలిందే. ఆగిరిపల్లిలో సొన కాలని చెయ్యి ఎవడికుంది?"

"చెట్టున కాయ ఇంకా పిందె మీదే ఉంది. సొన ఎక్కణ్ణుంచి కారింది?"

అతను తువ్వాలు చేతికి ఇంకో చుట్టు చుట్టాడు. ఉచ్చ కూడా టీ డికాషన్‌లా వస్తోందని ఆమెకి చెప్పనే లేదు. లివరు చెడింది, తాగుడు మానమని బెజవాడ డాక్టరు చెప్పిన నాటి నుంచి చుక్క ముట్టలేదు. అయినా చేతులు పుండవుతూనే ఉన్నాయి.

"దొంగచాటుగా తాగుతున్నావు."

"హాసిని మీద ఒట్టే!"

"పిల్ల మీద ఒట్టేస్తే నాలిక్కి పురుగులు పడతాయి. ఇవాళ రిపోర్టులొస్తాయిగా, అక్కడే తేలుద్ది. తాగావని తేలిందో, పిల్లని తీసుకుని బాపులపాడు పోతా. మా అన్న ఇంట్లో ఇంత గంజి దొరక్కపోదు."

అంటూనే రాగి జావ గ్లాసూ, ఎర్ర బిళ్లా అతని ముందు పెట్టింది. "మింగు. ఒంట్లో రక్తం లేక పాలిపోయావు."

ఆస్పత్రిలో డాక్టరు రిపోర్టులు రెండోసారి తిరగేశారు. "తాగుడు మానినట్టే ఉంది. మరి తగ్గలేదేంటి? ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"ఏం లేవండి," అన్నాడు మురళీకృష్ణ.

"అమ్మ రోజూ ఇచ్చే ఐరన్ బిళ్లలో?" అంది వెంట వచ్చిన హాసిని.

"అవి మందులెందుకవుతాయే? బలానికి. మెడికల్ షాపులో అడిగి నేనే తెస్తున్నానండి," అంది సుభద్ర.

డాక్టరు తలెత్తారు. "అమ్మా, ఈయన లివర్లో ఇనుము పేరుకుపోయింది. అది ఉన్నంతకాలం ఎండ తగిలితే చర్మం ఇలాగే పొక్కుతుంది. ఆయన తాగుడు మానారు. మీరు ఇనుము పోస్తూనే ఉన్నారు. ఆ బిళ్లలు ఇవాళే ఆపండి. ఇప్పుడు కొంచెం కొంచెంగా రక్తం తీసేయాలి."

"తీసేయాలా?" అంది సుభద్ర.

మంచం పక్కన వేలాడదీసిన సంచీలోకి అతని రక్తం దిగుతోంది. సుభద్ర అటు చూడలేకపోయింది.

"నన్ను కొట్టవయ్యా," అంది.

"కొట్టడానికి చెయ్యెక్కడ బాగుందే?"

నవ్వబోయి ఏడ్చేసింది. చెయ్యి పట్టుకుందామంటే అంతా పుండే. భుజం మీద నుదురు ఆనించి, "నిజమే చెప్పావు. నేనే నమ్మలేదు," అంది.