గుడ్డు ఆకారపు గడియారం

ఆ ఫోటో తీసిన ఏజెంట్‌ను పొద్దున్న పదింటికి బస్టాండ్ వెయిటింగ్ హాల్లో కాల్చి చంపేశారు. పదీ ఇరవైకి ఫోటో కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీదకు వచ్చింది.

"వీడే," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా మనిషి. పదకొండింటి షిఫ్టులో వర్కర్ వేషంలో వాటర్ ప్లాంట్‌లోకి దూరతాడు. చేతిలో విషం."

"గేట్లు మూసేద్దాం సార్," అన్నాడు ఏజెంట్ డేగ.

"మూస్తే మాయమై రేపు ఇంకో ప్లాంట్‌కి పోతాడు. ఇవాళే పట్టుకోవాలి."

ఆ షిఫ్టులో ఫిల్టర్ హౌస్ ఆపరేటర్ డేగ బావ. కంప్యూటర్ ముందు కూర్చున్న ఫోటో టెక్నీషియన్ అతని అక్క.

ఫోటో తెచ్చింది మేడమ్. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. మెడలో సిల్కు స్కార్ఫ్, ఒళ్ళో నల్ల హ్యాండ్‌బ్యాగ్. కాలు మీద కాలేసుకుని నింపాదిగా కూర్చుంది.

పదీ నలభై. ఫోటో అందుకున్న గేటు నుంచి ఫోన్. "సార్, ఇంత లావు ముఖం ఇక్కడ ఎవరికీ లేదు!"

అక్క స్క్రీన్‌కు దగ్గరగా వంగింది. "తమ్ముడూ, ఫోటోలో గోడ గడియారం చూడు."

"తొమ్మిదీ యాభై ఎనిమిది."

"టైమ్ కాదురా, ఆకారం! కోడిగుడ్డును పడుకోబెట్టినట్టు లేదూ?" గబగబా కొలిచింది. వెడల్పు నూట ఇరవై పిక్సెల్స్, ఎత్తు తొంభై.

"గడియారమే అలాంటిదేమో?"

"వెనకాల ఉన్న వీల్‌చైర్ చక్రం కూడా అదే లెక్క. ఈ ఫోటో అసలు వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. పదహారుకి తొమ్మిది స్క్రీన్‌లో పట్టించాలని ఎవరో అడ్డంగా లాగారు. బక్కవాడు లావైపోయాడు."

మేడమ్ నవ్వింది. "స్క్రీన్ నిండా కనబడాలని నేనే పెద్దది చేశాను. అదీ తప్పేనా?"

"పెద్దది చేస్తే ఎత్తు, వెడల్పు ఒకే లెక్కన పెరగాలి మేడమ్. ఒకవైపే లాగితే మనిషే మారిపోతాడు. మీరు కావాలనే మార్చారు."

మేడమ్ బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత ఊడగానే సన్నటి తుపాకీ గొట్టం మెరిసింది. డేగ ఒక్క ఉదుటున ఆమె మణికట్టు పైకి తోశాడు. తూటా సీలింగులో దిగింది. బేడీలు పడేసరికి పదీ యాభై రెండు.

అక్క పదహారు వందల వెడల్పును పన్నెండు వందలకు దించింది. ఎత్తు తొమ్మిది వందలు ముట్టుకోలేదు. స్క్రీన్ మీద పొడుగ్గా, బుగ్గలు పీక్కుపోయిన కొత్త మనిషి ప్రత్యక్షమయ్యాడు.

"ఫుల్ స్క్రీన్ చేసి పంపు!" చీఫ్ అరిచాడు.

"వద్దు సార్. నింపాలంటే పైనా కిందా కోయాలి. కింద వాడి చేయి ఉంది, బొటనవేలికి కట్టు చూడండి. పక్కల నల్ల పట్టీలొస్తే రానివ్వండి."

పంపింది. పదీ యాభై ఏడుకి గేటు గార్డు ఫోన్ చేశాడు. "సార్... వీడు ఇప్పుడే లోపలికి పోయాడు."

డేగ ఫిల్టర్ హౌస్‌కు ఫోన్ కలిపాడు. "బావా! పొడుగ్గా, బక్కగా, బొటనవేలికి కట్టుతో ఎవరైనా..."

"నా ఎదురుగానే ఉన్నాడురా. ట్యాంకు పక్కన ఏదో డబ్బా మూత తిప్పుతున్నాడు."

"ఆపు! విషం!"

ఫోన్ కింద పడిన చప్పుడు. ఇనుము మోగింది. ఎవరో కేక వేశారు. ఆ తర్వాత నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. "బావా... బావా..." డేగ పిలుస్తూనే ఉన్నాడు.

బూట్ల పరుగు వినిపించింది. ఆ వెంటనే ఆయాసం.

"రెంచితో ఒక్కటిచ్చాను. మూత ఇంకో అర చుట్టు తిరిగితే ఊడేదే." బావ ఊపిరి తీసుకున్నాడు. "అది సరే, మీవాళ్ళు కనబడిన డబ్బానల్లా సీజ్ చేస్తున్నారు. నా భోజనం డబ్బా కూడా పట్టుకుపోయార్రా!"

అక్క కళ్ళు తుడుచుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

"తిండి గోల మొదలెట్టాడా? అయితే మనిషికేం కాలేదు."