నలభై ఒకటో సాక్షి

ముప్పై తొమ్మిదో సాక్షి కూడా "అవిభాజ్యమే" అనేసి దిగిపోయింది. నలభయ్యోది ఎక్కింది. అదీ అదే మాట. ఈ సాక్షులు మనుషులు కారు, ఒక పెద్దసంఖ్యను పరీక్షించే చిన్న సంఖ్యలు. అందుకే బోనులో దగ్గవు, వాయిదాలు అడగవు.

నూకరత్నం తెర మీద వేలు పెట్టింది. ఆరువందల అంకెల గవినిసంఖ్య, అంటే ఊరి తలుపుల తాళంచెవి. సాయంత్రం ఆరింటికి అమల్లోకి వస్తే సముద్రం కింది అడుగూరు తలుపులన్నీ దీని మాటే వింటాయి. అడుగున ఉంది కాబట్టి అడుగూరు. ఎవరినీ అడక్కుండా కట్టారు కాబట్టి కూడా. అక్కడ తొమ్మిది వేల ప్రాణాలు. ఏడో గవిని దగ్గర కాపలా ఆమె మొగుడు సింహాద్రి. అతనికీ సముద్రానికీ మధ్య ఒక్క తలుపు. ఈ సంఖ్య నిజంగా ప్రధానసంఖ్య అయితే దాన్ని ఎవరూ విడగొట్టలేరు. కాకపోతే మాత్రం, దాని భాగాలు తెలిసినవాడు ఎక్కడ కూర్చునైనా తలుపు తీసేస్తాడు.

చివరి, నలభై ఒకటో గడి: పరీక్షకుల ఇష్టసాక్షి, అంటే వాళ్లకు తోచిన సంఖ్య. పదకొండేళ్లుగా అందులో ఆమె కొట్టే సంఖ్య రెండు. ఆఫీసంతా కొట్టేదీ రెండే. గోడ మీది నలభై సాక్షుల జాబితాలో మొదటిదీ రెండే. ఇష్టసాక్షి ఏనాడో తూతూసాక్షి అయిపోయింది. ఇవాళ లిఫ్టు చెడి, రత్నం ఆరువందల పదిహేడు మెట్లు ఎక్కొచ్చింది. మోకాళ్లు ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాయి. ఆ కోపంలో 617 కొట్టింది.

"సంయుక్తం."

మళ్లీ కొట్టింది. సంయుక్తం, అంటే భాగాలుగా విడిపోయేదే. మూడోసారీ అంతే.

పర్యవేక్షకుడు చక్రధరం గారు కాఫీ గ్లాసుతో వచ్చారు. "ఏమ్మా, ముద్ర పడిందా?"

"ముప్పు పడింది సార్."

ఆయన తెర చూసి గ్లాసు దించారు. "నలభై మంది అవునన్నారు కదా?"

"ఇది ఓటింగు కాదు కదండీ. అవునని నలభై మంది చెప్పినా కాస్త అనుమానం మిగులుతుంది. కాదని ఒక్కటి చెప్పినా రుజువే. మీరే నేర్పారు."

"నేర్పాను, నా ఖర్మ." గొంతు తగ్గించారు. "మన సాక్షులెవరో తెలిసినవాడే, వాళ్లందరినీ బుట్టలో వేసుకునేలా దీన్ని తయారుచేశాడు. వాణ్ని మెల్లగా పట్టుకుందాం. ముందు రెండు కొట్టెయ్. ఆరింటికి పాతసంఖ్య చచ్చిపోతుంది. కొత్తది లేకపోతే గవినులన్నీ బిగుసుకుంటాయి. ఊరంతా గగ్గోలు."

"బిగుసుకుంటే భయపడతారు సార్. తెరుచుకుంటే భయపడ్డానికి కూడా మిగలరు."

"నీ ఉద్యోగం ఉండదు."

"మా ఆయన ఉంటాడు కదండీ."

రత్నం తన సాక్షి 617ని అడుగూరులోని ప్రతి తలుపుకీ పంపేసింది. తలుపులు తమంతట తామే లెక్క వేసుకున్నాయి. ఒకటో గవిని కొత్తసంఖ్యను కాదంది. రెండోది కాదంది. ఏడోదీ కాదంది. తెర నిండా ఎర్రచుక్కలు పొంగాయి.

ఆరు దాటగానే స్పీకర్లో సింహాద్రి గొంతు పలికింది. "ఏమే రత్నం, తలుపులన్నీ అలిగి కూర్చున్నాయి! ఏం చేశావే?"

"సంఖ్య దొంగదండీ. చేతిచక్రాలు తిప్పుకోండి."

"ఎన్నాళ్లు?"

"కొత్తది దొరికేదాకా."

"దాన్ని మాత్రం చూసేదెవరు? మళ్లీ ఆ నలభై మందేనా?"

చక్రధరం గారు గోడ మీది జాబితా వైపు తిరిగారు.

"మీరే చూడండి," అంది రత్నం. "మీ పక్కన ఎవరుంటే వాళ్లు కూడా. సాక్షిగా తలో సంఖ్య చెప్పండి. మాకెవరికీ ముందే తెలియనిది."

అవతల ఇనుపచక్రం కిర్రుమంది. తర్వాత ఎవరిదో ముసలి గొంతు ఒక సంఖ్య అరిచింది. దాని మీద ఇంకొకటి. రత్నం మొదటిది రాసుకునేలోపే అడుగూరంతా అరుస్తోంది.