తూర్పు బార్ మీద డబుల్ క్లిక్

ఆఫీసు పార్కింగ్‌లో స్కూటర్ స్టాండ్ తీస్తున్న మనిషిని వెనక నుంచి వచ్చిన వ్యాన్ గుద్దింది. ఆగకుండా వెళ్లిపోయింది. దాని నంబర్ ప్లేట్ నిండా తడి బురద. ఆ ఊళ్లో వాన పడి చాలా రోజులైంది.

చనిపోయినవాడు గూఢచారి కాదు. నిఘా శాఖలో సాఫ్ట్‌వేర్లు పరీక్షించే ఉద్యోగి. శాఖ కొత్తగా డేటా విజువలైజేషన్ టూల్ కొనబోతోంది. అంకెలు పోస్తే చార్టులు, మ్యాపులు గీసిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. దాని మీద అతను ఆ పూటే రిపోర్టు ఇవ్వాలి.

గంట తిరగకుండా ఏజెంట్ తూకం డైరెక్టర్ గదిలో ఉన్నాడు. తూకం అతని కోడ్‌నేమ్. ఏ విషయంలోనైనా లాభమెంత, నష్టమెంత అని చూసుకున్నాకే నోరు తెరుస్తాడని ఆ పేరు పెట్టారు.

"మూడు టూల్స్ పోటీలో ఉన్నాయి," అన్నాడు డైరెక్టర్. "ఒకదాని వెనక విదేశీ ముఠా ఉంది. ఏదన్నది తెలిసినవాడు పోయాడు."

"వాళ్లకి కావాల్సిందేంటి సర్?"

"మన ఇన్ఫార్మర్ల పేర్లు."

దొంగ రవాణా ఆయుధాల్ని పట్టుకోవడం ఆ శాఖ పని. పట్టుబడిన ప్రతి పెట్టె వెనకా కబురందించిన మనిషి ఒకరుంటారు. తూర్పు విభాగం తూకందే. రేవు దగ్గర టీ అమ్మే ఒకామె ఏళ్ల తరబడి అతనికి కబుర్లు చెప్తోంది. 'నాకేమన్నా అయితే నా కూతుర్ని ఎవరు చూస్తారన్నా?' అని ఒకసారి అడిగింది. 'ఏమీ కాదమ్మా' అన్నాడతను. రాతకోతలు లేని బేరం కనుక అది తప్పడానికి వీల్లేదని అతని లెక్క.

"కొనుగోలు కమిటీలో నువ్వు చేరుతున్నావు. చైర్మన్ నీకు తెలిసినవాడే. పడమర విభాగం హెడ్."

"మా తోడల్లుడా సర్?"

"అవును. ఏం?"

"ఏం లేదు సర్."

తూకం ముఖం మారలేదు. శిక్షణ అలాంటిది. లోపల మాత్రం పాత లెక్కలన్నీ తిరగేశాడు. తోడల్లుడు అతని తర్వాత శాఖలో చేరాడు. అతని తర్వాత ఆ ఇంటి అల్లుడయ్యాడు. అయినా రెండు కిటికీల గది తోడల్లుడికే వచ్చింది. మొన్న అత్తగారింట్లో భోజనాలప్పుడు కూడా అంతే. "చిన్నల్లుడుగారికి ఆ మెత్తటి కుర్చీ వెయ్యండే, పాపం, ఎంత బాధ్యతో," అంది అత్తగారు. పెద్దల్లుడికి స్టూలు మిగిలింది. అది ఒక పక్కకి ఊగుతోంది.

రిపోర్టు సంగతి ముఠాకి చెప్పిన లోపలి ద్రోహి ఎవరై ఉండొచ్చని తూకం ఆలోచించాడు. మొదట తట్టిన ముఖం తోడల్లుడిదే. ఆ ముఖమే ఎందుకు తట్టిందో అతను తరచి చూసుకోలేదు.

*

డెమో గదికి కిటికీలు లేవు. ఇంటర్నెట్ కూడా లేదు. తోడల్లుడు బల్ల చివర, చేతులున్న కుర్చీలో కూర్చున్నాడు.

"రండన్నయ్యా. మీరుంటే నాకు కొండంత ధైర్యం."

"నీకు ధైర్యం తక్కువెప్పుడైంది తమ్ముడూ?"

మూడు టూల్స్‌కీ ఆఫీసులో ముద్దుపేర్లు పెట్టారు. 'ఇసుక' ఊరికే వస్తుంది. ఏ బొమ్మైనా కట్టుకోవచ్చు. కానీ కోడ్ రాసేవాళ్లుండాలి, శాఖలో వాళ్లు లేరు. 'పలక'ని ఇద్దరు ఇంజినీర్లు అద్దె గదిలో కూర్చుని తయారు చేశారు. గట్టిగా పనిచేస్తుంది, చూపులకి మాత్రం బాగోదు. మూడోది 'సీతాకోక', విదేశీ కంపెనీది. అంకె పెట్టగానే రంగు విచ్చుకుంటుంది. మ్యాప్ మీద వేలు పెడితే జిల్లా కాస్తా ఊరై, ఊరు కాస్తా వీధై దగ్గరికొస్తుంది.

సీతాకోకని చూపించడానికి వచ్చిన మనిషిని చూసి ఇసుక తెచ్చినవాళ్లు తమ లాప్‌టాప్ చూడటం మానేశారు. ముదురాకుపచ్చ చీర, పొట్టి జుట్టు, తొందరలేని గొంతు. శాఖ ఫైళ్లలో ఆమె పేరు నెమలి. ముఠాలో పనిచేస్తూ మన శాఖకి కబుర్లు తెచ్చే డబుల్ ఏజెంట్. ఈ కంపెనీ ఉద్యోగం ఆమె పైకి చెప్పుకునే పని. ఆమెని ఒప్పించి ఇటు తిప్పింది తూకమే.

"మా టూల్ మీ డేటాబేస్ మొత్తానికి తగులుకుంటుంది," అంది నెమలి. "చూపించకూడని కాలమ్స్ మీరు దాచేసుకోవచ్చు."

"చార్టుని బయటికి పంపాలంటే?" అడిగాడు తూకం.

"ఎక్స్‌పోర్ట్ నొక్కండి. 'బొమ్మ మాత్రమే' అని ఇక్కడ టిక్ ఉంది. ఫొటో లాంటిదే సర్."

"మీరు చెప్తుంటే చార్టులక్కూడా ప్రాణం వస్తోందండీ," అన్నాడు తోడల్లుడు.

నెమలి నవ్వింది. తూకం ఆమెని ఇటు తిప్పుకోవడానికి ఏడాది తిరిగాడు. అంతకాలంలో అలాంటి నవ్వు ఒక్కటీ అతని వాటాకి రాలేదు.

విరామంలో తూకం, నెమలి లిఫ్ట్ దగ్గర ఎదురుపడ్డారు.

"ఈ లిఫ్ట్ పైకెళ్తుందా?" అందామె. అది కోడ్.

"బరువుని బట్టి," అన్నాడు తూకం. అది జవాబు.

"మా టూల్ శుభ్రంగా ఉంది. ముఠా కొన్నది పలకని," అందామె పెదవులు కదపకుండా. "మీ తోడల్లుడు చాలా సరదా మనిషి. మీ గురించి కూడా చెప్పారు."

"ఏమని?"

ఆమె లోపలికెళ్లగానే తలుపు మూసుకుంది. లిఫ్ట్ పైకెళ్లింది.

*

మర్నాడు పలక ఆఫీసుకి ఏసీ మెకానిక్ ఒకడు వచ్చాడు. ఖాకీ చొక్కా, అంటించుకున్న మీసం, చేతిలో స్క్రూడ్రైవర్. తూకం ఏసీ మూత విప్పి, అందులోంచి గదంతా చూశాడు. ఇంజినీర్లిద్దరూ అతన్ని పట్టించుకునే స్థితిలో లేరు.

"గీత సున్నా దగ్గరే మొదలవ్వాలి," అంటోంది ఇద్దరిలో ఒకామె. "మధ్యలో మొదలుపెడితే గోరంత తేడా గోడంత కనపడుతుంది. అది అబద్ధం."

"కస్టమర్ అడిగితే?"

"కస్టమర్ అడిగాడని అబద్ధం గీస్తావా? అయితే నువ్వెళ్లి సీతాకోకలో చేరు."

"అక్కడ జీతమైనా వస్తుంది."

జేబులో తూకం తెచ్చిన 'కుక్కపిల్ల' ఉంది. అగ్గిపెట్టంత పెట్టె. దగ్గర్లో ఏ కంప్యూటర్ అయినా విదేశాలకి దొంగతనంగా డేటా పంపుతుంటే అది సన్నగా మొరుగుతుంది. పలక దగ్గర అది నిద్రపోయింది. తూకం పాడవని ఏసీని బాగుచేసి బయటికొచ్చాడు.

కుక్కపిల్లని సీతాకోక దగ్గర కూడా పెట్టాడు. పూటంతా ఉంచినా మొరగలేదు. ఇంక అనుమానానికి మిగిలింది ఒక్కడే. తోడల్లుడి ఫోన్లు విన్నాడు, కారు వెతికించాడు. దొరికిందల్లా వదినగారి కోసం, అంటే తూకం భార్య కోసం, అతను కొన్న పుట్టినరోజు కానుక. తూకం కొనడం మరిచిపోయాడు. ఆ సాయంత్రమంతా అతనికి అన్నం సహించలేదు.

కమిటీ ఓటు వేసింది. పలక చూపులకి బాగోదన్నారు. సీతాకోకకి తోడల్లుడు సంతకం పెట్టాడు.

*

సీతాకోకతో చేసిన మొదటి పని శాఖ వార్షిక ప్రకటన. ఏ విభాగం ఎన్ని ఆయుధ రవాణాలు పట్టుకుందో చెప్పే చార్టు అది. పదకొండింటికి అన్ని పత్రికలకీ మెయిల్లో వెళ్తుంది. విభాగాల హెడ్స్ చూసుకోవడానికి పావుగంట ముందు ఒక కాపీ పంపారు.

ఊరికి అటు చివరనున్న తన ఆఫీసులో తూకం దాన్ని తెరిచాడు. చార్టులో పడమర విభాగం బార్ గుడిగోపురంలా లేచింది. పక్కనే తూర్పు బార్ గుమ్మం దగ్గర చెప్పుల్లా ఉంది.

అతని చెవులు వేడెక్కాయి. ఈ బొమ్మని రేపు పేపర్లో అత్తగారు చూస్తుంది. 'చూశావటే, మన చిన్నల్లుడు!' అంటుంది. అసలు తన అంకె ఎంత? చార్టు మీద రాయలేదు. తూర్పు బార్ మీద కోపంగా రెండుసార్లు నొక్కాడు.

ఫొటో అయితే ఏమీ కాకూడదు. ఒక పట్టిక విచ్చుకుంది. తూర్పు తొంభై రెండు. పడమర తొంభై ఏడు. చార్టులో గీత సున్నా దగ్గర కాదు, తొంభై దగ్గర మొదలైంది. తేడా ఐదే! లోకమంతా వినేలా అరవాలనిపించింది.

అప్పుడు కళ్లు కిందకి జారాయి. తేదీ, రేవు, పెట్టెలు. ఆ పక్కన, దాచేసుకోవచ్చని డెమోలో చెప్పిన కాలమ్. రేవు దగ్గర టీ అమ్మే ఆమె పేరు, వీధి, ఇంటి నంబరు.

తూకంకి మొత్తం అర్థమైంది. సీతాకోక డేటాని ఎక్కడికీ పంపదు. అందుకే కుక్కపిల్ల మొరగలేదు. 'బొమ్మ మాత్రమే' అన్న టిక్ ఉత్త టిక్కు. బొమ్మ వెనకాల డేటాబేస్ అంతా మడతపెట్టి ఉంటుంది. ముఠా దొంగిలించక్కర్లేదు. శాఖే సంతకం పెట్టి ఊరందరికీ పంచుతుంది. చనిపోయిన టెస్టర్ కనిపెట్టింది ఇదే. ముఠావాళ్లకి మధ్యాహ్నానికల్లా ఇంటి నంబర్లు అందుతాయి.

డైరెక్టర్ మంత్రి దగ్గర మీటింగులో ఉన్నాడు, ఫోన్ ఆఫ్. ప్రెస్ ఆఫీసర్ చైర్మన్ మాట తప్ప వినదు. తోడల్లుడు ఆ పూట ప్రెస్ ఆఫీసులోనే ఉన్నాడు. అతనికి చేశాడు.

"తమ్ముడూ, ఆ మెయిల్ ఆపు. చార్టులో ఇన్ఫార్మర్ల పేర్లున్నాయి."

అవతల నవ్వు వినిపించింది. "అన్నయ్యా, మీ బార్ చిన్నగా ఉందనేగా?"

"బార్ సంగతి వదిలెయ్. దాని మీద డబుల్ క్లిక్ చెయ్."

"నా ఫోన్లు విన్నారు, నా కారు వెతికించారు. నేనేమైనా అన్నానా? ఇప్పుడు నా మొదటి ప్రకటన కూడా ఆపించాలా? ఇంత కుళ్లు మంచిది కాదన్నయ్యా." ఆ మాట వెనకాల తొందరలేని ఆడగొంతు ఒకటి నవ్వింది. ఫోన్ పెట్టేశాడు.

తూకం చేతిలోని ఫోన్ వైపు చూశాడు. ఇన్నేళ్లూ అసూయపడుతూ తన మాటకున్న విలువంతా తనే పోగొట్టుకున్నాడు. అవసరం పడ్డ రోజున ఆ మాట చెల్లలేదు.

నిజం అక్కడ అమ్ముడుపోదు. అవతలివాడు కొనే సరుకేదో చూడాలి. ఆ సరుకు నాలుక మీదికి తెచ్చుకోవడానికి అతనికి విషం మింగినంత పనైంది. మళ్లీ చేశాడు.

"తమ్ముడూ, పెట్టెయ్యకు. ఇందాక అబద్ధం చెప్పాను. సిగ్గేసి."

"ఏంటి?"

"నీ లెక్క తక్కువ చూపించారు. నీ పట్టివేతలు కొన్ని నా ఖాతాలో పడ్డాయి. నాకు లాభమే కదా అని ఊరుకుందామనుకున్నా. మనసొప్పలేదు."

అవతల కాగితాలు గబగబా తిరగేసిన చప్పుడైంది.

"ఎన్ని?"

"నువ్వే చూసుకో. నీ బార్ మీద రెండుసార్లు నొక్కు, అంతా వస్తుంది."

"నాకు తెలుసు! నాకు ముందే అనుమానం! మేడమ్, ఒక్క నిమిషం ఆగండి!"

"నొక్కేశాను సర్," అంది ప్రెస్ ఆఫీసర్. "వెళ్తోంది. ఏంటో, చాలా నెమ్మదిగా వెళ్తోంది."

ఉత్త బొమ్మే అయితే ఎప్పుడో చేరిపోయేది. వెనకాల ఒక శాఖ రహస్యాలన్నీ మోసుకెళ్తోంది కనుక దేకుతోంది. ఫోన్లో మౌస్ టిక్కుటిక్కుమంది. తర్వాత తోడల్లుడి గొంతు, ఎండిపోయి వినిపించింది.

"అన్నయ్యా... పేర్లు..."

"వైరు! గోడలోంచి నెట్ వైరు పీకు!"

కుర్చీ పడ్డ చప్పుడు. "వైరు తలుపు పక్కన... సీతాకోక ఆవిడ అక్కడే... అడ్డు నిలబడకండి!" ఎవరో కెవ్వుమన్నారు. గాజు పగిలింది.

"తమ్ముడూ?"

"పీకాను." ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు. "తొంభై ఏడు శాతం దగ్గర ఆగింది. నా అంకె కూడా అదే అన్నయ్యా. తక్కువేం చూపించలేదు కదా?"

*

నెమలి మెట్ల దగ్గర దొరికింది. వ్యాన్ నడిపినవాడి పేరు చెప్పింది గానీ, పశ్చాత్తాపం మాత్రం పడలేదు.

"మీ ఇద్దర్నీ తిప్పడం తేలికే," అంది తూకంతో. "ఆయన్ని పొగిడాను. మీకైతే అదీ అక్కర్లేదు. ఆయన్ని చూపిస్తే చాలు, మీరు ఇంకేమీ చూడరు. మీ బార్ అంత పొట్టిగా పెట్టించింది కూడా నేనే. బాధపడి మూసేస్తారనుకున్నాను."

"మూసేవాడు వేరే రకం," అన్నాడు తూకం. "నాలాంటివాడు దగ్గరగా చూస్తాడు."

ఆ సాయంత్రం రేవు దగ్గర టీ తాగాడు. ఆమె అతనికి గ్లాసు అందించి, హోంవర్క్ ఎగ్గొట్టిందని కూతుర్ని తిట్టుకుంటూ మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఏమీ తెలియని ఆ వీపుని చూస్తూ అతను ఇంకో టీ చెప్పాడు.

శాఖ పలకని కొంది. దాంతో గీసిన మొదటి చార్టుని డైరెక్టర్ సమావేశంలో తెర మీద పెట్టాడు. ఆపరేషన్ విజయంలో ఎవరి పాలు ఎంతో చూపించే గుండ్రటి చార్టు. సగం పైగా 'వైరు పీకిన పడమర విభాగం'. తర్వాత ప్రెస్ ఆఫీసు, టెక్నికల్ వింగ్. చివర దారప్పోగంత సన్నటి ముక్క, 'ఇతరులు'.

అందరూ చప్పట్లు కొట్టారు. తోడల్లుడు మెడ సాచి తెర వైపు చూసి, తూకం చెవిలో అన్నాడు. "అన్నయ్యా, మీ ముక్క ఏదీ? కనపడట్లేదే!"

"గూఢచారిని కదా తమ్ముడూ," అన్నాడు తూకం. "కనపడితే ఉద్యోగం ఊడుతుంది."